గెడ్డ దారి, కాలి దారి



ఈ పూట మిమ్మల్ని ఒక కొండ మీదికి తీసుకెళ్తాను. బస్సులో కాదు, రైల్లో కాదు. సైకిలు మీద. ‘అమ్మో, మా మోకాళ్ళు’ అనుకుంటున్నారేమో. ఏం పరవాలేదు. తొక్కేది నేను. మీరు కూర్చుని వింటే చాలు.

విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు మీలో చాలామందికి తెలుసు. శృంగవరపుకోట దాటాక ఎక్కుడు మొదలవుతుంది. మలుపు మీద మలుపు. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. కిటికీలోంచి వచ్చే గాలి చల్లబడిందే అనుకునేసరికి అనంతగిరి వచ్చేస్తుంది. అక్కడి కాఫీ తోటలు చూసే ఉంటారు. నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పైకి పాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు.

ఆ తోటల మధ్యలోంచి సన్నటి కాలిబాటలు లోపలికి పోతుంటాయి. బస్సులో ఉన్నవాళ్ళకి అవి కనపడవు. ఒక మనిషి పట్టేంత వెడల్పు, అంతే. ఎదురుగా ఇంకో మనిషి వస్తే ఎవరో ఒకరు పక్కకి ఒదగాలి. ఊరి నుంచి ఊరికి, ఊరి నుంచి పొలానికి, పొలం నుంచి సంతకి. ఈ పూట నా మాటలన్నీ ఆ బాటల గురించే.

ఇలాంటి బాటల మీద తొక్కడానికని ఒక సైకిలు ఉంది. మౌంటెన్ బైక్ అంటారు. బైక్ అన్నారు కదా అని మోటారు బండి అనుకోకండి. సైకిలే. కాకపోతే టైర్లు లావు, టైర్ల మీద బుడిపెలు. హ్యాండిల్ వెడల్పు. ముందు చక్రం రాయి మీద పడితే ఆ దెబ్బ మన చేతులకి రాకుండా ఫోర్కు కిందికి అణిగి మళ్ళీ లేస్తుంది. నలభై ఏడేళ్ళ వయసులో నేను అలాంటిదొకటి కొన్నాను. ఇంట్లో ఏమన్నారో రేడియోలో చెప్పడం బాగుండదు.

సరే. ఒక నవంబరు ఉదయం. వలిసె చేలు పూసే కాలం. కొండ కింద పసుపు ఆరబోసినట్టుంది. అనంతగిరి దాటాక ఒక ఊరి పైన నిలబడి కిందికి చూశాను. ఆ ఊరి పేరు చెప్పను. చెబితే వచ్చే ఆదివారం అక్కడ పది జీపులు ఉంటాయి. కిందికి చూస్తే రెండు దారులు కనిపించాయి. ఒకటి కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ, దిగీ దిగనట్టు దిగుతోంది. ఇంకొకటి తిన్నగా, పాపిట తీసినట్టు, ఊళ్ళోకి. వెడల్పుగా కూడా ఉంది. నా కోసమే వేసినట్టుంది. ఇంకేం, తిన్నటి దాంట్లో దిగాను.

పది గజాలు బాగానే ఉంది. ఆ తర్వాత మట్టి లేదు. అన్నీ గుండ్రటి రాళ్ళే. ప్రతి రాయీ దొర్లుతోంది. భయపడి వెనక బ్రేకు గట్టిగా పట్టాను. చక్రం ఆగింది, సైకిలు ఆగలేదు. అలా జారుకుంటూ పోయి ఒక ముళ్ళపొదలో పడ్డాను.

మోచేతిలో ముళ్ళు తీసుకుంటుంటే పైనుంచి ఒక పెద్దాయన వచ్చాడు. భుజాన కావడి. అటొక బుట్ట, ఇటొక బుట్ట. వాళ్ళ ఇంట్లో మాట తెలుగు కాదు. నా కోసం తెలుగులో అడిగాడు.

“ఏటి బాబూ, ఇటేపు వచ్చేసినారు?”

“దారి కదా తాతా, దిగుతున్నాను” అన్నాను.

“ఇది దారి కాదు బాబూ. గెడ్డ.”

గెడ్డ అంటే మన ఉత్తరాంధ్రలో కొండవాగు. నేను చుట్టూ చూశాను. చుక్క నీరు లేదు. అదే మాట అన్నాను.

“ఇప్పుడు లేదు. వానలకొస్తాది” అన్నాడాయన. గడ్డంతో పక్కకి చూపించి, “దారి అదీ” అన్నాడు. నేను వద్దనుకున్న మెలికల దారి.

నేను దారి అనుకున్నది గెడ్డ. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. దారి, గెడ్డ. మనం మళ్ళీ ఇక్కడికే వస్తాం.

కొండమీద దారి వేసేవాడికి శత్రువు రాయి కాదు. చెట్టు కాదు. చక్రం కూడా కాదు. నీరు. మైదానంలో నీరు నిలబడుతుంది. కొండమీద నీరు పరిగెడుతుంది. పరిగెత్తే నీటికి తిన్నటి దారి దొరికిందా, ఇక దానికి పట్టపగ్గాలుండవు. మొదట మట్టిని తీసుకెళ్తుంది, తర్వాత గులకరాళ్ళని దొర్లిస్తుంది. నాలుగు వానాకాలాలు గడిచేసరికి అక్కడ దారి ఉండదు, గెడ్డ ఉంటుంది.

మరి మెలికల దారి ఎందుకు నిలుస్తుంది? పెంకుటింటి చూరు ఊహించుకోండి. పైన పడ్డ వాన చూరు దాకా వచ్చి, కిందికి రాలిపోతుంది. చూరు మీద ఆగదు, చూరు వెంట పారదు. కొండకి అడ్డంగా పోయే బాట కూడా అంతే. పైనుంచి వచ్చిన నీరు బాటని దాటి, లోయ వైపు అంచు మీంచి దిగిపోవాలి. దాని కోసం బాటని లోయ వైపుకి కాస్త వాలుగా ఉంచుతారు. కాస్తంటే ఎంత? అరటాకు కొద్దిగా ఒరిగితే చాలు, అందులో పోసిన చారు ఎటు పరిగెడుతుందో మీకు తెలుసు. అంత చాలు.

అక్కడక్కడ దిగుతున్న బాటని నాలుగడుగులు మళ్ళీ ఎక్కిస్తారు. మనకి అది ఊరికే ఒక ఎత్తుపల్లం. నీటికి మాత్రం అది ఎక్కలేని గట్టు. అక్కడిదాకా బాట వెంట వచ్చిన కొద్ది నీరూ పక్కకి తప్పుకోవాల్సిందే. సైకిలు బాటలు కట్టేవాళ్ళు చాలాచోట్ల ఇదే లెక్క పాటిస్తారు. సగటున వంద అడుగుల దూరానికి పది అడుగులకి మించి దిగకూడదు, ఎక్కకూడదు. కొండ ఎంత వాలుగా ఉందో, బాట వాలు అందులో సగం దాటకూడదు. అంటే ఏమిటి? నీటికి తిన్నటి దారి ఇవ్వకు. అంతే. నీటికి తిన్నటి దారి ఇవ్వకు.

ఆ పెద్దాయన ఈ లెక్కలేవీ చదవలేదు. కానీ ఆయన దారి సరిగ్గా ఇదే లెక్కలో ఉంది. ఎలా వచ్చింది? నాకు చాలా రోజులు అర్థం కాలేదు. తర్వాత ఆయన భుజం మీద కావడి గుర్తొచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నప్పుడు మనిషి అడ్డదారినే పడతాడు. మీరైనా, నేనైనా, ఆయనైనా. ఆ కొండల్లోనూ అలాంటి నిట్టనిలువు అడ్డదారులు బోలెడు. కానీ భుజం మీద రెండు బుట్టల చోళ్ళు ఉన్నాయనుకోండి. అప్పుడు మోకాలు ఒప్పుకోదు. అడుగు తనంతట తానే పక్కకి తిరుగుతుంది, కొండని చుట్టుకుంటుంది. కొండల్లో నిలిచిన బాటలు బరువు మోసినవాళ్ళు వేసిన బాటలు.

ఇప్పుడొకసారి ఈ సైకిలు పుట్టిన చోటికి వెళ్ళొద్దాం. అమెరికాలో, కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మెరిన్ అని ఒక ప్రాంతం. అక్కడా కొండలే. 1970లలో అక్కడి కుర్రాళ్ళు కొందరు పాత సైకిళ్ళు ఏరుకొచ్చేవాళ్ళు. 1930లు, 40ల నాటివి. లావు టైర్ల మోటు సైకిళ్ళు. వాటిని కొండపైకి చేర్చి, మట్టి రోడ్డు మీద కిందికి వదిలేవాళ్ళు. ఎవరు ముందు దిగితే వాళ్ళు గెలిచినట్టు. 1976 అక్టోబరు 21న మొదటి పందెం పెట్టారు. దారి పొడవు సుమారు రెండు మైళ్ళు. ఆ రెండు మైళ్ళలోనే 1,300 అడుగులు దిగాలి.

ఆ పాత సైకిళ్ళకి బ్రేకు హ్యాండిల్ దగ్గర ఉండేది కాదు. పెడల్ వెనక్కి తొక్కితే వెనక చక్రం ఇరుసులో బ్రేకు పడేది. దిగేటంతసేపూ బ్రేకు మీదే ఉంటే ఏమవుతుంది? ఇరుసులో గ్రీజు కాలి పొగలై పోయేది. కిందికి చేరాక ఇరుసు విప్పి మళ్ళీ గ్రీజు కూరాలి. మళ్ళీ కూరడాన్ని ఇంగ్లీషులో రీప్యాక్ అంటారు. ఆ పందేనికి ఆ పేరే పడిపోయింది. రీప్యాక్. నాకీ పేరు మహా ఇష్టం. గెలిచినవాడి పేరు పెట్టలేదు, కొండ పేరు పెట్టలేదు. చేతికి మసి అంటుకునే పని పేరు పెట్టారు.

ఆ కుర్రాళ్ళలో జో బ్రీజ్ అనే ఆయన 1977లో కొండ కోసమే కొత్త ఫ్రేము తయారుచేశాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అనే మిత్రులిద్దరు 1979లో ఇలాంటి సైకిళ్ళు అమ్మడానికి ఒక దుకాణం పెట్టారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి అదొక ఒలింపిక్ పోటీ. మసి చేతుల ఆట ఇరవై ఏళ్ళలో పతకాల దాకా వచ్చింది.

కానీ నేను చెప్పాలనుకున్నది పతకాల సంగతి కాదు. ఆ మెరిన్‌లోనే, ఆ సైకిలు పుట్టిన కొండల్లోనే, చాలా సన్నబాటల మీద సైకిలు తొక్కకూడదని నిషేధం పెట్టారు. ఎందుకంటారా? నడిచేవాళ్ళున్నారు, గుర్రాల మీద వెళ్ళేవాళ్ళున్నారు. మలుపు తిరిగేసరికి ఎదురుగా దూసుకొచ్చే సైకిలు. తగాదాలు, ఫిర్యాదులు. పుట్టింట్లోనే చోటు లేకపోయింది. 1988లో కాలిఫోర్నియా సైకిలు సంఘాలు కలిసి ఒక పెద్ద సంఘంగా ఏర్పడ్డాయి. వాళ్ళ మొదటి పని పందేలు పెట్టడం కాదు. బాటలు బాగుచేయడం, నడిచేవాళ్ళతో మర్యాదగా ఉండమని తమవాళ్ళకే నేర్పడం.

ఇంకో చోటు చెప్తాను. బ్రిటన్‌లో, ఉత్తర వేల్స్‌లో, కోయిడ్ అ బ్రెనిన్ అనే అడవి. రాజుగారి అడవి అని ఆ మాటకి అర్థం. కలప కోసం పెంచిన అడవి. అక్కడ వాన అంటే మామూలు వాన కాదు. నేల ఎప్పుడూ చిత్తడే. అలాంటి నేల మీద వందల చక్రాలు తిరిగితే ఏమవుతుంది? బురద. ఆ బురదని తప్పించుకుంటూ పక్కనుంచి తొక్కుతారు, అక్కడా బురద. బాట అలా వెడల్పవుతూ పోతుంది.

1990లలో అక్కడ డావిథ్ డేవిస్ అనే ఆయన ఒక పట్టు పట్టాడు. ఉన్న బాటల మీద పడి తొక్కడం కాదు, సైకిలు కోసమే బాట కడదాం అన్నాడు. కట్టాడు. ఆ కొండలో దొరికిన రాయినే బాటలో కూర్చోబెట్టారు. మనవాళ్ళు పాత కోనేటి మెట్లకి రాళ్ళు పేర్చినట్టు, ఒకదానికొకటి బిగించి. రాతి మీద చక్రం తిరిగినా నేల తెగదు. వాన పడ్డా మట్టి పోదు. తొక్కేవాడికీ సరదా, ఎగుడుదిగుడు రాళ్ళ మీద ఆ కుదుపులు. బ్రిటన్‌లో కొండసైకిలు కోసమే కట్టిన బాటల్లో మొదటివి అవేనని చెప్పుకుంటారు. దూరదూరాల నుంచి జనం వచ్చారు. 2025లో అక్కడి సందర్శకుల కేంద్రంలో హోటలు, దుకాణం ఖర్చు భరించలేక మూసేశారు. బాటలు మాత్రం తెరిచే ఉన్నాయి. రాతి పని కదా.

‘బాగుంది, మరి మన అనంతగిరిలోనూ అలాంటివి కట్టేద్దాం’ అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. పటం గీసుకుని, రంగు పెన్నులతో గీతలు కూడా గీశాను. ఆ ఊరికి మళ్ళీ వెళ్ళి, వీధి అరుగు మీద ఆ పటం పరిచాను. నలుగురు చేరారు. ఒకామె చాలాసేపు చూసి, ఒక గీత మీద వేలు పెట్టి అడిగింది. “మా అత్తని మోసుకొచ్చింది ఈ దారినే. ఇందులో సైకిళ్ళు దిగుతుంటే డోలీ ఎటు రావాల బాబూ?”

నా దగ్గర జవాబు లేదు.

డోలీ అంటే పట్నం శ్రోతలకి చెప్పాలి. ఒక బొంగుకి దుప్పటి కట్టి, అందులో జబ్బు మనిషిని పడుకోబెట్టి, ఇద్దరు భుజాన వేసుకుని నడుస్తారు. రోడ్డు లేని ఊళ్ళ నుంచి ఆసుపత్రికి, పురిటికి కూడా, ఈనాటికీ అలా మోస్తున్నారు. మనకి ఆటస్థలంలా కనిపించే బాట వాళ్ళకి అంబులెన్సు దారి. ఆ బాట మీద నేను ఒక చక్రం గాడి పెడితే, వచ్చే వానకి అది కాలవ అవుతుంది, దాని మీద ఒక అడుగు తడబడుతుంది. అప్పుడు డోలీలో ఎవరుంటారో.

ఈ కొండల్లో దారుల చరిత్ర కూడా తేలికైంది కాదు. అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు మనందరికీ తెలుసు. 1922. ఆ తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో రోడ్డు ఒకటి. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళని బలవంతంగా పనిలోకి దింపాడు. కూలి అరకొర. పొగమంచు చూడ్డానికి మనం కారులో వెళ్ళే లంబసింగే అది. కొండవాళ్ళతో దారి గురించి మాట్లాడేటప్పుడు ఇది తెలిసి మాట్లాడటం మంచిది.

ఇప్పుడు అక్కడ చట్టం ఉంది. 1970లో వచ్చిన ఒకటవ నిబంధన. వన్ ఆఫ్ సెవెంటీ అంటే ఏజెన్సీలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అక్కడి భూమి ఆదివాసులు కానివాళ్ళ చేతికి పోకూడదు. కాబట్టి సైకిలు బాట కట్టినా, అద్దె సైకిళ్ళ కొట్టు పెట్టినా, రాత్రి పడుకోవడానికి గది కట్టినా, ఆ నేల ఆదివాసుల చేతిలోనే ఉండాలి. అడవిలో నుంచి పోయేదైతే అటవీ శాఖ అనుమతి కావాలి. కొందరు దీన్ని అడ్డంకి అంటారు. నాకు మాత్రం ఆ నిబంధన, బాట మధ్యలో వచ్చే ఆ చిన్న ఎత్తుపల్లంలా కనిపిస్తుంది. తిన్నగా దూసుకొచ్చేదాన్ని పక్కకి తిప్పుతుంది.

ఇంకొక సంగతి. ఇది విశాఖపట్నం శ్రోతలకి. గోస్తనీ నది పుట్టేది ఈ అనంతగిరి కొండల్లోనే. బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయంలో చేరి, చివరికి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్ళు మన ఊరి కుళాయిల్లోకి వస్తాయి. అంటే ఆ రోజు గెడ్డలో జారుతూ రాళ్ళ కింద నేను కదిపిన మట్టి కొంచెమైనా ఆ దారి పట్టి ఉంటుంది. నేను పడ్డ చోటు నుంచి నా ఇంటి కుళాయి దాకా నీటికి దారి ఉంది.

సరే, ఇంత విన్నాక కూడా తొక్కాలని ఉందా? ఉంటే నాలుగు మాటలు, పడ్డవాడిగా చెప్తున్నాను. దిగేటప్పుడు ఏదో ఒక్క బ్రేకునే గట్టిగా పట్టకండి. ముందుది గట్టిగా పట్టారా, హ్యాండిల్ మీంచి ఎగిరి పడతారు. వెనకది గట్టిగా పట్టారా, చక్రం ఈడ్చుకుపోతూ నేలని గీరుతుంది. ఆ గీరిందే రేపటి గెడ్డ. రెండూ కలిపి, వేలితో, మెల్లగా. మలుపులో కాదు, మలుపుకి ముందే వేగం తగ్గించండి. సీటు మీంచి లేచి, ఒళ్ళు కొంచెం వెనక్కి. చూపు రాయి మీద పెట్టకండి. రాయిని చూస్తే చక్రం రాయి మీదికే పోతుంది. ఎటు పోవాలో అటు చూడండి.

వానాకాలంలో వెళ్ళకండి. మీ జారుడు సంగతి అలా ఉంచి, నేల కోసం. నేల మెత్తగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? చెప్పు ఆనించి చూడండి. ముద్ర పడిందా, ఆ రోజుకి వెనక్కి తిరగండి. ఎదురుగా మనిషి వస్తే మీరే ఆగండి. నెత్తిన బరువుతో వస్తే దిగి, సైకిలు పక్కకి తీసి, లోయ వైపు మీరుండి కొండ వైపు వాళ్ళకివ్వండి. కాఫీ పళ్ళు కోసే కాలం, నవంబరు నుంచి, బాటల నిండా బస్తాలతో మనుషులుంటారు. అప్పుడు అసలు తొందరే పెట్టుకోకండి.

చివరగా, ఆ పెద్దాయన సంగతి. మరుసటి ఏడాది డిసెంబరులో మళ్ళీ కనిపించాడు. నన్ను గుర్తుపట్టాడు. నన్ను కాదు, నా సైకిలుని. గెడ్డ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. నేను దిగిన చోట, పైన బాట నుంచి చీలిపోయే మూల దగ్గర, ఎవరో అడ్డంగా నాలుగు రాళ్ళు పెట్టారు. నాలాంటివాడు ఇంకొకడు దిగకుండా. ఎవరు పెట్టారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ రోజు సంత. ఆయన దగ్గర ఒక చిన్న మిరియాల మూట ఉంది. నా సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

“ఎంత పెట్టి కొన్నారు బాబూ?”

చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. మళ్ళీ ఒకసారి వెనక్కి వెళ్ళి చూశాడు.

“అంత పెట్టి కొంటే, వెనకాల క్యారియర్ ఇవ్వలేదా?”

లేదు. స్టాండు కూడా లేదు. ఆయన జాలిగా తల ఊపి, తలపాగా గుడ్డ విప్పి, మూటని హ్యాండిల్‌కి కట్టాడు. మూట ఊగుతుంటే తొక్కడం కుదరలేదు. సంత దాకా ఆ మెలికల దారిలో, సైకిలు నడిపించుకుంటూ, ఆయన వెనకాల నడిచాను.